జంటదారులు: పారిశ్రామిక నియంత్రణమునందు వార్తామార్గముల చరిత్ర

ఒడిశా రాష్ట్రమునందలి తాల్చేరు నుండి కర్ణాటకమునందలి కోలారు వరకు ఒక విద్యున్మార్గము కలదు. దాని పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. అది ఒడిశా భూమిని దాటి తెలుగునేలను ప్రవేశించి, ఆ నేలపై బహుదూరము సాగి, తమిళనాటిని తాకి, తుదకు కోలారును చేరుచున్నది. తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్న పొరుగు రాష్ట్రములలో మూడింటిని ఈ యొక్క మార్గమే స్పృశించుచున్నది. 2003లో పనికి వచ్చినపుడు దాని సామర్థ్యము 2,000 మెగావాట్లు. 2007లో దానిని 2,500 మెగావాట్లకు పెంచిరి. ఈ మార్గముయొక్క పొడవును గూర్చియు, అది మోయు శక్తిని గూర్చియు ఇంజనీరులు పలుమారు వ్రాసియున్నారు. సామాన్యజనము ఎరుగని సంగతి మరియొకటి కలదు. ఆ రెండు కొసలయందలి యంత్రములు రేయింబవళ్లు తమలో తాము మాటలాడుకొనుచుండును. ఆ మాటలు పోవు దారి తెగినచో ఏమగునను ప్రశ్నయు, తెగకుండుటకై పూర్వులును ఇప్పటివారును చేసిన ఏర్పాట్లును ఈ వ్యాసమునకు విషయములు.

కోలారునకు దూరమునుండి విద్యుత్తు వచ్చుట అదియే మొదలు కాదు. 1902 జూన్ 30వ తేదీన కావేరీనదిపై నున్న శివసముద్ర జలపాతము నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపబడెను. నడిమి దూరము 92 మైళ్లు. ఆనాడు ఆసియాఖండమున అంతదూరము విద్యుత్తును కొనిపోయిన మార్గము మరియొకటి లేదు. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు పూనికవలనను, ఇంజనీరు డి లాట్బీనియరు కృషివలనను అది సిద్ధించినది. గనులలో పాటుపడిన వారిలో తమిళులతో పాటు తెలుగువారును పెక్కుమంది యుండిరి. 2001లో గనులు మూతపడువరకు వారి కుటుంబములు అచ్చటనే నివసించినవి. ఆ తొలికాలమున విద్యుత్కేంద్రము నడచుట మనుష్యుని కంటిచేతను చేతిచేతను మాత్రమే. ముల్లు కదలినపుడు కావలివాడు చూచును. చూచి చక్రము త్రిప్పును. దూరముననున్న వానికి తెలుపవలసిన వార్త కొలదిపాటిది; అది నోటిమాటగా పోయినను చాలును.

యంత్రములు పెరిగిన కొలది ఈ పద్ధతి చాలకపోయినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కర్మాగారములలో కొలతలను దూరముగా నున్న పలకకు చేర్చుటకు గాలిగొట్టములను వాడిరి. చదరపు అంగుళమునకు 3 పౌనులు మొదలు 15 పౌనుల వరకు గల పీడనమే కొలతను తెలుపు భాష. పిమ్మట గాలికి బదులు విద్యుత్తు వచ్చెను. ఏ పద్ధతియైనను ఒక ధర్మము సమానముగా నుండెను: ప్రతి పరికరమునకు దాని గొట్టము దానిదే, దాని తీగ దానిదే. వేయి కొలతలున్నచో వేయి తీగలు. ఖర్చు మెండు, చిక్కు మెండు. కాని ఒక తీగ తెగినపుడు ఒక కొలత మాత్రమే పోవును. ఆ పాతతరము ఏర్పాటులో ఎవరును తలపెట్టని రక్షణ యొకటి అణగియుండెను. తరువాతి కాలమున దానిని పోగొట్టుకొనిన పిదపగాని దాని విలువ తెలియలేదు.

1969లో మోడికాన్ అను అమెరికా సంస్థ ప్రోగ్రాము ననుసరించి పనిచేయు నియంత్రణ యంత్రమును తయారు చేసెను. రిలేలతో నిండిన బీరువాల స్థానమున ఒక పెట్టె నిలిచినది. 1975లో హనీవెల్ సంస్థ టి.డి.సి. 2000 అను వ్యవస్థను వెలువరించినది. జపానునందు యోకొగావా సంస్థ సెంటమ్ అను దానిని ఆ యేడే తెచ్చెను. ఈ వ్యవస్థలలో వందలకొలది కొలతలు, ఆజ్ఞలు ఒకే కేబులుపై వంతులవారీగా పయనించును. హనీవెల్‌వారు దానికి సమాచార రాజపథమని పేరిడిరి. వేయి తీగలు పోయి ఒక తీగ మిగిలినది. అది తెగినచో కర్మాగారమంతయు ఒక్కసారిగా గ్రుడ్డిదియు చెవిటిదియు నగును. కనుక ఆ రాజపథమును మొదటినుండియు రెండు కేబుళ్లుగా పరచవలసి వచ్చెను. జంటదారుల యవసరము ఇట్లు పుట్టినది. కొందరు దీనిని విలాసవ్యయముగా తలంతురు. పొదుపుకొరకు అన్ని మాటలను ఒకచోటికి చేర్చినందులకు చెల్లింపవలసిన మూల్యమనుట సరియైన మాట.

సిద్ధాంతము అంతకుముందే సిద్ధమై యున్నది. అణుయుద్ధ భయము ముమ్మరముగా నున్న దినములలో పాల్ బారన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ర్యాండు సంస్థయందుండి, శత్రువు పెక్కు కేంద్రములను ధ్వంసము చేసినను మిగిలినవి తమలో తాము మాటలాడుకొనగల జాలమును గూర్చి విచారించెను. 1964లో ప్రకటితమైన ఆయన పరిశోధన తేల్చినదేమన, ప్రతి కేంద్రమునకు మూడు నాలుగు దారులున్నచో చాలును. అంతకంటె పెంచినందువలన కలుగు లాభము స్వల్పము. ఈ ఫలితము వినుటకు ఆశ్చర్యకరము. దారుల సంఖ్య అంత పెద్దది కానక్కరలేదు. అయితే బారన్ లెక్కలో ఒక షరతు ఇమిడియున్నది: ఒక దారి చెడుటకును మరియొకటి చెడుటకును సంబంధముండరాదు. లెక్కలో నొక్క వాక్యముగా నున్న ఆ షరతును నేలమీద నెరవేర్చుట ఎంత కష్టమో 1975లో అలబామా రాష్ట్రమునందలి ఒక విద్యుత్కేంద్రము చూపినది.

దాని పేరు బ్రౌన్స్ ఫెర్రీ. అది టెన్నిసీ లోయ అథారిటీవారి అణువిద్యుత్కేంద్రము. ఆ సంస్థ పేరు భారతీయులకు క్రొత్తది కాదు. 1948లో ఏర్పడిన దామోదర లోయ కార్పొరేషనుకు అదియే ఒరవడి. ఆ కేంద్రమున ప్రమాదకాలమునందు అణుకొలిమిని చల్లార్చుటకు ఒకటి తప్పిన మరియొకటి యను రీతిని పెక్కు ఏర్పాట్లు చేసియుండిరి. ప్రతి యేర్పాటునకు వేరు పంపులు, వేరు విద్యుత్తు, వేరు నియంత్రణము. కాగితముపై చూచినవారికి లోటు కానరాదు. 1975 మార్చి 22న నియంత్రణగదికి దిగువనున్న కేబుళ్ల గదిలో పనివారు గోడరంధ్రముల గుండా గాలి పోవుచున్నదేమో పరీక్షించుచుండిరి. పరీక్షకు వారు వాడిన సాధనము వెలుగుచున్న క్రొవ్వొత్తి. గాలి పోవుచోట జ్వాల వంగును, అదియే గుర్తు. అవతలి భవనమునందు గాలి పీడనము తక్కువగా నుండుటచే జ్వాల లోనికి ఈడ్వబడి, రంధ్రమును పూడ్చిన పాలియురెథేను నురుగునకు అంటుకొనెను.

అగ్ని సుమారు ఏడుగంటలు మండెను. దాదాపు 1,600 కేబుళ్లు చెడినవి. అప్పుడు తేలిన విషయము: వేర్వేరు ఏర్పాట్లకు చెందిన తీగలు దగ్గరదగ్గర పళ్లెములలో, ఒకే గోడరంధ్రము గుండా పోవుచుండెను. పంపులు చెడలేదు, మోటారులు చెడలేదు. వానికి ఆజ్ఞనిచ్చు తీగలు కాలిపోయినందున మొదటి యూనిటునందు ప్రమాదకాలపు శీతలీకరణ ఏర్పాట్లన్నియు ఒకదాని వెంట ఒకటి నిరుపయోగములైనవి. ఆ పనికి ఉద్దేశింపబడని ఇతర పంపులతో ఉద్యోగులు కొలిమికి నీరందించి గట్టెక్కిరి. విద్యుత్తీగలపై నీరు చల్లుటకు కేంద్రమువారు జంకుచుండగా, సమీపమునందలి ఏథెన్స్ పట్టణ అగ్నిమాపక దళాధిపతి నీరే చల్లవలెనని మొదటినుండియు చెప్పుచుండెను. తుదకు ఆ మాట విని నీరు చల్లిన తరువాత మంట త్వరలోనే ఆరినది. బయటికి రేడియోధార్మికత వెలువడలేదు.

ఈ యుదంతమునుండి పుట్టిన నిబంధన 1980లో ప్రకటింపబడెను. జంట ఏర్పాట్ల తీగల నడుమ మూడుగంటలు మంటకు ఆగు గోడయైనను ఉండవలెను, లేక మండు పదార్థమేదియు లేని 20 అడుగుల ఎడమైనను, దానికి తోడు మంటను పసిగట్టి ఆర్పు ఏర్పాట్లును ఉండవలెను. అంతకుపూర్వము ఇంజనీరు దారులను లెక్కపెట్టెడివాడు. ఇప్పుడు వాని నడిమి అడుగులను కొలువవలసి వచ్చినది. నియంత్రణ శాస్త్రమున ఇంతకంటె ముఖ్యమైన మార్పు ఆ కాలమున మరియొకటి జరిగినట్లు తోపదు.

ఈ మధ్య కాలమున కంప్యూటరులను కలుపు పద్ధతులు వేగముగా మారుచుండెను. 1973లో జిరాక్స్ పరిశోధనాలయమున పుట్టిన ఈథర్నెట్టు కార్యాలయములకై ఉద్దేశింపబడినది. చౌకయగుటచే అది క్రమముగా కర్మాగారములలోనికిని ప్రవేశించెను. దానికొక విచిత్ర స్వభావము కలదు. రెండు స్విచ్చిల నడుమ రెండు దారులు ఉంచినచో మేలు కలుగుటకు మారుగా కీడు కలుగును. అందరికిని అని పలికిన వార్త ఒక దారిని పోయి రెండవ దారిని తిరిగివచ్చి, మరల పోయి మరల వచ్చి, ప్రతి చుట్టునకు పెరుగుచు జాలమును నింపివేయును. దీనిని ఇంజనీరులు తుపాను అందురు. పాతకాలపు తంతిశాఖలో రెండవ తీగ మంచిదే గాని చెడ్డది కాదు. ఇచ్చట ఆ యనుభవము పనికిరాకపోయినది.

ఈ చిక్కును 1985లో రేడియా పెర్ల్‌మన్ అను ఇంజనీరు తీర్చెను. ఆమె అప్పుడు డిజిటల్ ఎక్విప్‌మెంటు సంస్థలో పనిచేయుచుండెను. ఆమె చెప్పిన ఉపాయము ననుసరించి స్విచ్చిలు తమలో తాము విచారించుకొని, చుట్టు ఏర్పడని విధముగా కొన్ని దారులను మూసివేయును. వాడుకలోనున్న దారి తెగినపుడు మూసినదానిని తెరచును. వృక్షమునకు కొమ్మలుండును గాని కొమ్మలు మరల కలిసికొనవు గదా. అందుచే ఈ పద్ధతికి వృక్షముపేరు వచ్చినది. 1990లో ఇది ప్రమాణముగా అంగీకరింపబడెను. అయితే మూసిన దారి తెరచుకొనుటకు 30 మొదలు 50 సెకండ్ల వరకు పట్టును. కార్యాలయములో ఉత్తరము పంపువానికి అర నిమిషము లెక్కలోనిది కాదు. విద్యుత్కేంద్రమున మాట వేరు. మన దేశమున విద్యుత్తు సెకండునకు 50 సారులు ఊగును. ఒక్కొక్క ఊపునకు 20 మిల్లీసెకండ్లు. 30 సెకండ్లలో 1,500 ఊపులు గడచిపోవును. తంతువుపై షార్టు సర్క్యూటు ఏర్పడినపుడు నాలుగైదు ఊపులలోపల దానిని వేరుచేయవలెను. అందుకై ఉపకేంద్రములలో యంత్రములు పంపుకొను ఆజ్ఞకు ఐ.ఇ.సి. 61850 అను అంతర్జాతీయ ప్రమాణము విధించిన గడువు 3 మిల్లీసెకండ్లు.

కనుక వేగము పెంచుటకు యత్నములు సాగినవి. 2001లో వృక్షపద్ధతినే సవరించి కొలది సెకండ్లకు తగ్గించిరి. కర్మాగారములవారు స్విచ్చిలను వలయముగా కూర్చి, ఒకదానిని మేనేజరుగా నియమించిరి. అది వలయమునందు ఒకచోట దారి మూసియుంచి, తాను పంపిన పరీక్షావార్త చుట్టుతిరిగి తనకు చేరుచున్నదా యని నిరంతరము కనిపెట్టుచుండును. చేరనినాడు వలయము ఎచ్చటనో తెగినదని గ్రహించి మూసిన ద్వారమును తెరచును. ఇట్టి వలయములలో 50 స్విచ్చిలవరకు 200 మిల్లీసెకండ్లలో దారి మారునట్లు చేయవచ్చును. పది ఊపులు. ఇనుము కరగించువారికి, కాగితము చేయువారికి చాలును. విద్యుత్తంతువును కాపాడువారికి చాలదు.

2010లో ప్రకటితమైన ఐ.ఇ.సి. 62439-3 అను ప్రమాణము మార్పునకు పట్టు కాలమును గూర్చిన చర్చనే తొలగించినది. దాని ప్రకారము పరికరము ప్రతి వార్తను రెండు ప్రతులు చేసి, వరుససంఖ్య వేసి, ఒకదానినొకటి ఎరుగని రెండు జాలములపై ఒకేసారి పంపును. అందుకొనువాడు ముందు వచ్చిన ప్రతిని గ్రహించి, వెనుక వచ్చిన దానిని సంఖ్యనుబట్టి గుర్తించి విడిచిపెట్టును. ఒక జాలము పూర్తిగా నశించినను ఒక్క వార్తయు తప్పదు. వలయమునందు ఇరుదిక్కులకు ప్రతులు పంపు పద్ధతియు అందే కలదు. వేచియుండు మారుదారికి లేని సుగుణము ఈ పద్ధతికి కలదు. వేచియుండు దారి ఎన్నడో చెడిపోయి యుండవచ్చును. అవసరము కలుగువరకు ఎవరికిని తెలియదు. అటక మీద దాచిన లాంతరులో నూనె యున్నదో లేదో దీపము ఆరిన రాత్రిగాని చూడము. రెండు జాలములును నిత్యము పనిచేయుచున్నచో, ప్రతులలో ఒకటి రాకపోవుటయే చెడినదను సూచన. ఆ సూచనను చదివి మరమ్మతు చేయించు ఉద్యోగి యుండుట మరియొక విషయము. హెచ్చరికల దీపము నెలలతరబడి వెలుగుచున్నను పట్టించుకొనని కార్మాగారమునందు ఎంత విలువగల యంత్రమున్నను అది ఒంటిదారియే.

మరల బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రమునే చెప్పుకొనవలసి వచ్చుచున్నది. 2006 ఆగస్టు 19న దాని మూడవ యూనిటునందు కొలిమిగుండా నీటిని త్రిప్పు రెండు పంపులు ఒకేసారి నిలిచిపోయినవి. ఉద్యోగులు యూనిటును చేతితో ఆపివేసిరి. రెండు పంపులకు రెండు వేగనియంత్రకములు. రెండును వేర్వేరు పెట్టెలు. కాని రెండును కేంద్రముయొక్క ఒకే ఈథర్నెట్టు జాలమునకు తగిలింపబడియుండెను. జాలముపై వార్తలు మితిమీరి ప్రవహింపగా రెండింటి మెదళ్లును స్తంభించినవి. ముప్పదియొక్క సంవత్సరములకు పూర్వము తీగలు ఒకే రంధ్రమునుండి పోయి కాలినవి. ఈసారి అగ్ని లేదు, పొగ లేదు, కాలిన తీగ లేదు. ఒకే గోడరంధ్రము మాత్రము వేరు రూపమున మరల ఏర్పడినది. 1980 నిబంధనలోని 20 అడుగుల ఎడము ఇట్టిదానికి అక్కరకు రాదు.

ఇంతకంటె సూక్ష్మమైనది 2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో జరిగినది. ఒహాయో రాష్ట్రమునందలి ఫస్ట్ఎనర్జీ సంస్థ నియంత్రణగదిలో మధ్యాహ్నము 2 గంటల 14 నిమిషములకు హెచ్చరికల ప్రోగ్రాము మౌనము వహించెను. దానిని నడుపు కంప్యూటరు 2.41కి పడిపోగా, సిద్ధముగా నున్న రెండవ కంప్యూటరు బాధ్యత స్వీకరించినది. రెండవది స్వీకరించినది ఆ రోగగ్రస్తమైన ప్రోగ్రామునే, కావున 2.54కి అదియు పడిపోయెను. తంతువులు ఒక్కొక్కటియే చెట్లను తాకి తెగుచుండగా గదిలోని వారికి తెలియలేదు. సాయంకాలమునకు అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్లమంది చీకటిలో నుండిరి. రెండు యంత్రములు ఒకే బుద్ధితో పనిచేయునపుడు, ఒకదానికి అర్థము కాని పరిస్థితి రెండవదానికిని అర్థము కాదు. ఈ కారణమున అతిముఖ్యమైన రక్షణలలో రెండు వేర్వేరు తయారీదారుల యంత్రములను వాడు ఆచారము ఏర్పడినది. భారతదేశమున 400 కిలోవోల్టుల తంతువులకు మొదటి రక్షణ, రెండవ రక్షణ యని ఇట్టి జంటను ఉంచుచున్నారు.

ఇక మన దేశమునందలి తంతువుల వెంట వార్త నడచిన తీరును చూడవలెను. దూరకేంద్రములను కలుపుటకు పెక్కు సంవత్సరములు వాడినది వాహకతరంగ పద్ధతి. శక్తిని మోయు తంతువుమీదనే, సెకండునకు కొన్ని పదుల వేలనుండి సుమారు అయిదులక్షల పర్యంతము ఊగు తరంగముపై వార్తను ఎక్కించి పంపుదురు. తంతువునుండి వార్తను లోనికి తీసికొనుటకు ఒక కెపాసిటరు. అది ఇతరత్ర పోకుండుటకు తంతువుకొసలో వ్రేలాడు తరంగనిరోధకము. ఉపకేంద్రముల ప్రక్కగా పోవువారికి పీపావలె కానవచ్చు తీగచుట్టయే యిది. వేరుగా స్తంభములు నాటనక్కరలేదు. అడవులలో, కొండలలో ఇంతకంటె చౌకయైన సాధనము లేకుండెను. దీనియందలి లోపము వేరుగా చెప్పనక్కరలేదు. తంతువును కాపాడుటకై పంపవలసిన వార్త ఆ తంతువుమీదనే పోవును. తంతువు నేలబడిన క్షణమున వార్త అవసరము. ఆ క్షణముననే దాని దారి చెడును. ఈ చిక్కును తగ్గించుటకు వార్తను ఒక తీగపైగాక రెండు తీగల నడుమ ఎక్కించు ఉపాయము వచ్చెను.

పిమ్మట స్తంభముల నెత్తిన పిడుగునుండి కాపాడు భూతంతువు లోపల గాజునూలు పెట్టి, దాని గుండా కాంతిరూపమున వార్త పంపు పద్ధతి వ్యాపించినది. వాహకతరంగము మోయలేని సమాచారరాశిని ఇది అనాయాసముగా మోయును. విద్యుత్తు అలజడి దీనిని అంటదు. కాని స్తంభము అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినపుడు విద్యుత్తును, టెలిఫోనును ఒక్కసారిగా కోల్పోయిన నగరవాసులకు ఈ సంగతి బోధింపనక్కరలేదు. తూర్పుతీరమున గంజాము మొదలు కాకినాడ, యానాముల వరకు, అచ్చటనుండి మద్రాసు వరకు తీరము వెంట పోవు రెండు తంతువులు తుపానుకు రెండు గావు.

అందుచే జాలమును కూర్చువారు వలయములను ఆశ్రయింతురు. ఒక దారి తీరము వెంట, రెండవది లోనాడుగుండా పోవలెను. కొన్నిచోట్ల సంస్థ తన గాజునూలుతో పాటు టెలిఫోను కంపెనీయొద్ద రెండవ దారిని అద్దెకు తీసికొనును. ఇచ్చట మోసపోవుట సులభము. అద్దెకిచ్చిన దారి ఏ కాలువగట్టు వెంట, ఏ వంతెనమీదుగా పోవునో ఒప్పందపత్రములో నుండదు. 2001 జూలై 18న బాల్టిమోరు నగరమున ఒక రైల్వే సొరంగములో రైలుబండి కాలినపుడు పలు కంపెనీల గాజునూళ్లు ఒకేసారి తెగిపోయినవి. పోటీపడు కంపెనీలన్నియు ఆ సొరంగమునే సుగమమని ఎన్నుకొనియుండెను. మన నదులపై వంతెనలు కొలదియే గనుక ఈ యాశంక ఇచ్చట ఇంకను ఎక్కువ. గోదావరిని దాటుచోట ఏ కేబులు ఏ వంతెనను పట్టుకొన్నదో కాగితమునుబట్టి గాక నడచి చూచియే తెలిసికొనవలెను.

ఇప్పుడు తాల్చేరు, కోలారుల సంభాషణకు వత్తము. తాల్చేరులో యంత్రములు ఊగు విద్యుత్తును ఏకముఖముగా మార్చి పంపును. కోలారులో దానిని మరల ఊగుదానినిగా చేయుదురు. ఇంత కరెంటు పోవలెనని రెండు కొసలకును ఆజ్ఞ యుండును. తాల్చేరు ఆజ్ఞ కోలారు ఆజ్ఞకంటె ఎల్లపుడును కొంత ఎక్కువగా నుండవలెను. ఇట్టి మార్గములలో సాధారణముగా ఆ తేడా పూర్తి కరెంటులో పదియవ వంతు. ఈ తేడా పోయినచో రెండు కొసలు పెనుగులాడి శక్తిప్రవాహము కూలిపోవును. కాబట్టి కరెంటును పెంచవలసినపుడు ముందు పంపు కొసలో పెంచి పిదప అందుకొను కొసలో పెంచవలెను. తగ్గింపవలసినపుడు ముందు అందుకొను కొసలో తగ్గింపవలెను. ఈ వరుస తప్పకుండుటకే రెండు కొసల నడుమ వార్త కావలెను. వార్త తెగినచో? అప్పటి ఆజ్ఞను అట్లే నిలిపి, పెంచక తగ్గింపక, ఉన్న శక్తిని పంపుచుండునట్లు ఇట్టి వ్యవస్థలను కూర్తురు. వార్త తెగినను శక్తి తెగదు. దారులను ఎన్ని పెంచినను అన్నియు పోవు దినము రావచ్చునని మొదటనే ఒప్పుకొని, ఆనాడు యంత్రము ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించుట ఈ కూర్పునందలి వివేకము. జంటదారులను గూర్చి వ్రాయబడిన గ్రంథములలో ఈ భాగమునకు తగినంత చోటు దొరకలేదనక తప్పదు.

అయితే ఈ మార్గమే ఆకస్మికముగా నిలిచినచో దక్షిణమున 2,000 మెగావాట్ల కొరత క్షణములో ఏర్పడును. అట్టి సమయమున దక్షిణ రాష్ట్రములలో కొన్నిచోట్ల వాడుకను వెంటనే తగ్గించుటకును, తాల్చేరులో ఉత్పత్తిని దించుటకును ప్రత్యేక సంకేతములు పోవు ఏర్పాటు చేసిరి. ఇచ్చట నిలిచిపోవుట పనికిరాదు. సంకేతము చేరి తీరవలెను. పొరబాటున చేరరాదు గూడ. ఒకటి చేరినను చాలునన్నచో అబద్ధపు సంకేతమువలన ఊళ్లు అకారణముగా చీకటిపడును. రెండును చేరవలెనన్నచో ఒక దారి తెగిననాడు సంకేతము వ్యర్థమగును. ఈ రెండింటిలో దేనికి మొగ్గవలెనన్నది గణితము ఒక్కటే తేల్చునది కాదు. చీకటిపడిన ఆసుపత్రి, నిలిచిన కర్మాగారము ఎవరివో అనుదానిపై అది ఆధారపడియుండును.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరభారత విద్యుజ్జాలము కూలిన కథ అందరు నెరిగినదే. రెండవ దినమున తూర్పు, ఈశాన్య ప్రాంతములును పడినవి. సుమారు 60 కోట్లమంది నివసించు భూభాగమునకు విద్యుత్తు పోయినది. తొలి దినమునాటికి పశ్చిమ, ఉత్తర ప్రాంతములను కలుపు దారులలో పెక్కు మరమ్మతులయందును ఇతరత్రను ఉండగా, బీనా, గ్వాలియరుల నడిమి ఒకే ప్రధానమార్గము మిగిలియుండెను. పటముపై చూచినచో దారులు చాలగలవు. ఆ రాత్రి ఉన్నది ఒకటి. విచారణ సంఘము పెక్కు సిఫారసులతో పాటు కొలతలను నియంత్రణ కేంద్రములకు చేర్చు వార్తావ్యవస్థను బాగుపరుపవలెనని చెప్పెను. దక్షిణ జాలము నిలిచినది. కారణము, అప్పటికి అది తక్కిన దేశముతో ఏకముఖ విద్యుత్తు ద్వారమునే కలిసియుండెను: తాల్చేరు–కోలారు మార్గము, చంద్రపూరు జిల్లాలోని భద్రావతి కేంద్రము, విశాఖయొద్ద గాజువాక కేంద్రము. ఇట్టి కూడలులు శక్తిని పోనిచ్చును గాని అవతలి కుదుపును ఇవతలికి రానీయవు.

2013 డిసెంబరు 31న ఈ స్థితి మారినది. ఆనాడు కర్ణాటకమునందలి రాయచూరునకును, మహారాష్ట్రమునందలి షోలాపురమునకును నడుమ 765 కిలోవోల్టుల తంతువు పనికి వచ్చి, దక్షిణ జాలము తక్కిన దేశముతో ఒకే ఊపున కలిసినది. ఈ రెండూళ్లును తెలుగువారికి పరాయివి కావు. షోలాపురమున పద్మశాలీల మగ్గములు తరతరములుగా ఆడుచున్నవి. 2014లో వేరొక సంస్థ నిర్మించిన రెండవ తంతువు చేరెను. రెండును వేర్వేరు స్తంభములపై వేర్వేరుగా సాగుచున్నవి. ఒక స్తంభము పడినను రెండవ తంతువు నిలుచును. రెండింటి కొసలు మాత్రము రాయచూరులో ఒకే ఉపకేంద్రమునకు, షోలాపురములో ఒకే ఉపకేంద్రమునకు చేరును. ఇట్టి ఉపకేంద్రములకు వార్తామార్గములను కూర్చువారి పని ఆ ఆవరణ లోపలనే మొదలగును: మొదటి కేబులు ఏ గోడగుండా నియంత్రణగదిలోనికి పోవుచున్నదో, రెండవది ఏ గోడగుండా పోవుచున్నదో చూచుట.